ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్

నేను పిస్టల్ కాలుస్తానని తెలిసిన దగ్గర్నుంచి కెనడాలోని ఈ ఎడ్మంటన్‌లో మా తెలుగువాళ్లకు నాతో మాట్లాడటానికి ఇంకో విషయం దొరకదు. తలా ఒక వంట తెచ్చే పాట్‌లక్‌లో ప్లేటు పట్టుకుని నిలబడితే చాలు, ఎవరో ఒకావిడ వచ్చి, "ఎవర్ని కాల్చాలనమ్మా నీ ప్లాను?" అంటుంది. "ప్రస్తుతానికి అట్టముక్కల్ని. మీ వంతు వస్తే ముందే ఫోన్ చేస్తా" అంటాను. నవ్వుతుంది. నవ్వుతూనే తన పిల్లాణ్ణి కాస్త అవతలికి జరుపుకుంటుంది. మా ఆయన సంగతి ఇక చెప్పనక్కర్లేదు. బేస్‌మెంట్‌లో తాళం వేసిన పెట్టె ఉన్న గదిలోకి హీటర్ ఫిల్టర్ మార్చడానికి కూడా వెళ్లడు. ఆ పని నాదే.

ఈ విషయంలో నాకు దొరికిన తెలుగు మనిషి ఒక్కరే. ఆఫీసులో ఒక కొలీగ్ మొదటిసారి నన్ను షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్లిన రోజు, పక్క లేన్‌లో ఒక పెద్దాయన ఇస్త్రీ చొక్కా టక్ చేసుకుని, చెవులకు మఫ్‌లు పెట్టుకుని నిలబడి ఉన్నారు. నేను బయట లాబీలో మా అమ్మతో ఫోన్‌లో మాట్లాడటం విన్నట్టున్నారు. "ఏ ఊరమ్మా మనది?" అన్నారు. వరంగల్ అన్నాను. "మాది తెనాలి పక్కన. అది తర్వాత మాట్లాడుకుందాం. నువ్వు ఆ బొటనవేలు స్లైడ్ వెనక పెట్టావు, అది కోసేస్తుంది. ముందది తీయి" అన్నారు. మా పరిచయం అంతే. అప్పట్నుంచి ఆయన నాకు అంకుల్, వాళ్లావిడ ఆంటీ.

ఆయన రిటైరైన మత్తు డాక్టరు. నలభై ఏళ్లు ఈ ఊరి ఆస్పత్రుల్లో జనాన్ని నిద్రపుచ్చి లేపారు. నిద్రపుచ్చడం ఎవడైనా చేస్తాడు, లేపడమే అసలు పని అనేవారు. ఆ పని వల్ల వచ్చిందో, పుట్టుకతోనే ఉందో గాని, ఆయనకు క్రమం అంటే భక్తి. టీ పెట్టినా, కారు స్టార్ట్ చేసినా ఒకే వరస. పిస్టల్ విషయంలో చెప్పేదేముంది.

మేం ఆడేది ప్రాక్టికల్ షూటింగ్. ఒకచోట కదలకుండా నిలబడి దూరంగా ఉన్న గుండ్రటి గుర్తును కొట్టే ఆట కాదు. చెక్క గోడలు, కిటికీలు, తలుపులు పెట్టి ఒక చిన్న రంగం కడతారు. దాన్ని స్టేజ్ అంటారు. టైమర్ బీప్‌మనగానే నడుం బెల్టుకున్న పిస్టల్ తీసి, పరుగెత్తుతూ, ఒంగుతూ, గోడ పక్కనుంచి తొంగిచూస్తూ అట్టముక్కల్ని కొట్టాలి. ఎంత బాగా కొట్టావు, ఎంత త్వరగా కొట్టావు, రెండూ లెక్కే. ఒక్కొక్కరుగా కాల్చాలి, రేంజ్ ఆఫీసరు మన భుజం వెనకే నీడలా పరుగెత్తుతాడు.

అయిపోయాక పిస్టల్ ఖాళీ చేసి చూపించాలి. దానికో వరస ఉంది. ముందు తూటాల మ్యాగజైన్ బయటకు లాగాలి. తర్వాత పిస్టల్ పైన ముందుకూ వెనక్కూ జరిగే ఇనుప తొడుగును, అంటే స్లైడ్‌ను, వెనక్కి గుంజాలి. అప్పుడు లోపల మిగిలిన ఒక్క తూటా కింద పడుతుంది. ఆఫీసరు లోపలికి చూసి సరేనంటాడు. అప్పుడు స్లైడ్ వదిలి, మట్టిగట్టు వైపు పెట్టి ఒకసారి ట్రిగ్గర్ నొక్కాలి. టిక్ అనాలి. వరస తప్పి ముందు స్లైడ్ గుంజావనుకోండి, ఒక తూటా కింద పడుతుంది, ఖాళీ అయిందనుకుంటావు, కానీ మ్యాగజైన్ ఇంకా లోపలే ఉంది కాబట్టి అది ఇంకో తూటాను పైకి తోస్తుంది. తర్వాత మ్యాగజైన్ తీసినా లాభం లేదు. నీ చేతిలో ఖాళీ పిస్టల్ ఉందని నువ్వనుకుంటావు, అంతే. "ముందు మ్యాగజైన్, తర్వాత స్లైడ్" అని ఆయన నాకు మొదటి వారమే నేర్పారు. ఎక్కాలు చెప్పించినట్టు చెప్పించారు.

ఇంకొకటి కూడా చెప్పాలి. ఈ దేశంలో కొన్నేళ్లుగా హ్యాండ్‌గన్ కొనడం, అమ్మడం బంద్. ఉన్నవాళ్లు కాల్చుకోవచ్చు. ఇంకొకరికి ఇవ్వడానికి లేదు, చనిపోతే పిల్లలకూ రాదు. అంటే అంతకుముందే కొనుక్కున్న మేమందరం ఈ ఆటలో చివరి బ్యాచ్. ఒకసారి వదిలేసినవాడు పిస్టల్ పోలీసులకు అప్పగించాక, మనసు మారి మళ్లీ మొదలుపెడతానంటే కుదరదు. అందుకే మా క్లబ్‌లో మోకాళ్లు అరిగినవాళ్లు, కళ్లకు శుక్లాలు వచ్చినవాళ్లు కూడా ఆపరు. ఆపడమంటే ఏమిటో అందరికీ తెలుసు.

ఆపే మాట ఆయన నాతో అన్నది ఒక ఫిబ్రవరిలో. లోపలి రేంజ్‌లో ప్రాక్టీసు అయ్యాక, పార్కింగ్‌లో నా కారు వేడెక్కేదాకా కూర్చున్నాం. బయట మైనస్ ముప్పై. ఆయన గ్లవ్స్ తీసి ఒళ్లో పెట్టుకున్నారు.

"నీతో ఒక సంగతి చెప్పాలమ్మా. ఆంటీకి తెలీదు, పిల్లలకీ తెలీదు."

"చెప్పండంకుల్."

"మొన్న ఇంట్లో కూర్చుని గడియారం బొమ్మ గీశాను. మతిమరుపు పేషెంట్లకి పెట్టే టెస్టు అది. బొమ్మ బాగానే వచ్చింది. ముళ్లు కూడా కరెక్ట్‌గా పెట్టా."

"మరింకేంది?"

"అసలు గీసి చూసుకోవాలని ఎందుకనిపించిందీ అని."

నేను హీటర్ గాలి తగ్గించాను. ఆయన మామూలుగానే మాట్లాడారు, వేరేవాళ్ల కేసు చెబుతున్నట్టు. ఆయన పనిచేసిన రోజుల్లో ఒక పెద్ద సర్జన్ ఉండేవాడట. చెయ్యి పాడైంది. థియేటర్‌లో అందరికీ తెలుసు. ఒక్కరూ ఆయనతో అనలేదు.

"గౌరవం అనుకున్నాం. ఆ గౌరవానికి ఒక పేషెంటు పోయింది" అన్నారు. "నన్ను ఎవరూ అట్లా గౌరవించొద్దు. నా చేతుల్లో వరస తప్పిన రోజు నువ్వు నాకు చెప్పు. నాకే చెప్పు. ఎదురు మాట్లాడను. అక్కడికక్కడ బెల్టు విప్పేసి ఇంటికి పోతా."

"నేనెందుకంకుల్? క్లబ్‌ల అంతమంది ఉన్నరు."

"తప్పులు పట్టడం నీ ఉద్యోగం కదమ్మా. సాఫ్ట్‌వేర్‌లో అయితేనేం, ఎక్కడైతేనేం. పైగా నీకు నోరుంది."

కోపం వచ్చింది. ఎవరి బరువు వాళ్లు మోసుకోకుండా నా నెత్తిన పెడతారేంటనుకున్నాను. కానీ ఆయన ముఖం చూశాక కాదనలేకపోయాను. సరేనన్నాను. ఒట్టు వెయ్యమంటారా అని ఎగతాళి చేశాను. "ఒట్లెందుకు, మాట చాలు" అన్నారు.

ఆ తర్వాత అన్ని నెలలూ ఆయన చేతులు చూడటమే నా పనైపోయింది. నా ప్రాక్టీసు నేను చేసుకుంటూనే ఒక కన్ను అటు. ఏమీ కనిపించలేదు. మాటల్లో అప్పుడప్పుడు ఒక పేరు దొరకదు, ఒక కథ రెండుసార్లు చెబుతారు, అవి మా ఆయనకూ ఉన్నాయి. చేతులు మాత్రం ఎప్పటిలాగే. ఆయన ఊరికే భయపడుతున్నారని నాకు నేను చెప్పుకున్నాను. ఆ వేసవిలో మా ఇద్దరికీ జాతీయ మ్యాచ్‌కి స్లాట్ వచ్చింది. ఇద్దరికీ అదే మొదటిది. నాకు అంతకుముందు అర్హత లేదు, ఆయనకు డ్యూటీలు తీరలేదు.

ఆగస్టులో బయల్దేరాం. పిస్టళ్లు తాళాలేసిన పెట్టెల్లో డిక్కీలో, తూటాలు వేరే. ఆంటీ పెరుగన్నం, ఊరమిరపకాయలు సర్ది ఇచ్చి, ఆయన మందుల సంచి నా చేతికిచ్చింది. "ఆయనకు ఇదొక్కటే మిగిలిందమ్మా. టీవీ చూడరు, గుడికి రారు. గెలవకపోయినా ఫర్వాలేదు, సంతోషంగా తీసుకురా" అంది. జాస్పర్ దాటాక రోడ్డుకు రెండు వైపులా కాలిపోయిన అడవి. నల్లటి మానులు, కింద అప్పుడే మొలుస్తున్న గడ్డి. ఇంకా ముందుకు వెళ్లేసరికి ఎక్కడో కొత్తగా తగలబడుతున్న అడవి పొగ గాలిలో కమ్ముకుంది. పక్క రాష్ట్రం బ్రిటిష్ కొలంబియా లోపలి కొండల్లో ఉన్న ఆ రేంజ్‌కి చేరేసరికి సూర్యుణ్ణి నేరుగా చూడగలిగేంత పొగ. గొంతు మండేది. గాలి ఇంకా చెడితే మ్యాచ్ ఆపేస్తామని నిర్వాహకులు ముందే చెప్పారు. చివరికి ఆపలేదు.

మొదటి రోజు పొద్దున్నే స్టేజ్‌లలో నడిచి చూసుకోనిస్తారు. చేతిలో పిస్టల్ ఉండదు కాబట్టి అందరూ రెండు వేళ్లు ముందుకు చాపి, ఎక్కడ నిలబడాలో, ఎక్కడ మ్యాగజైన్ మార్చాలో నోట్లో గొణుక్కుంటూ తిరుగుతారు. దేశం నలుమూలల నుంచి వచ్చిన, ఇంటి లోన్లు, బీపీలు ఉన్న మనుషులు దొంగా పోలీసు ఆడుకునే పిల్లల్లా వేళ్లతో గాలిలో కాలుస్తూ ఒకర్నొకరు గుద్దుకుంటూ ఉంటే మామూలుగా నాకు నవ్వొస్తుంది. ఆ రోజు రాలేదు. ఎక్కడ మార్చాలో నాకు ప్రతిసారీ లెక్క తప్పుతూ ఉంది. ఆయన మాత్రం హాయిగా ఉన్నారు. నడిచిందే నడిచి, వేళ్లు మడుస్తూ లెక్క సరిచూసుకున్నారు. "ఇక్కడ మార్చు. కిటికీ దాకా ఆగకు" అని నాకూ సలహా ఇచ్చారు.

నా మొదటి స్టేజ్ సంగతి ఎక్కువ చెప్పను. బీప్ వినబడింది, అయిపోయింది. మధ్యలో ఏం జరిగిందో నాకే తెలీదు. ఒక అట్టను పూర్తిగా మర్చిపోయి దాటేశాను. వెనక్కి తిరిగి చూస్తే అది ఒక్క చిల్లు లేకుండా నన్ను చూస్తూ ఉంది. ఆయన నా తర్వాత కాల్చారు. నిదానంగా, ఒక్కటీ వదలకుండా. మాతో కలిసి స్టేజ్‌లు తిరిగే స్క్వాడ్‌లో కుర్రాళ్లు కూడా చప్పట్లు కొట్టారు. నాకు ఆయన మీద గర్వం, నా మీద ఒళ్లుమంట.

మధ్యాహ్నం భోజనానికి ముందరి స్టేజ్‌లో జరిగింది అది. ఈసారి ఆయన తర్వాతి వంతు నాది కాబట్టి నేను వంతు కోసం ఆగే వెనక గీత దగ్గరే నిలబడి ఉన్నాను. బాగా కాల్చారు. చివరి గుర్తు, ఒక ఇనుప ప్లేటు, పడింది. ఖాళీ చేసి చూపించమన్నాడు రేంజ్ ఆఫీసరు. ఆయన చెయ్యి స్లైడ్ మీదికి వెళ్లింది. ముందు స్లైడ్. తూటా ఒకటి గాలిలో మెరిసి కంకరలో పడింది. తర్వాత మ్యాగజైన్ తీసి జేబులో పెట్టుకున్నారు. ఆఫీసరు వైపు చూసి చిన్నగా నవ్వి, స్లైడ్ మళ్లీ తెరవకుండానే వేలు ట్రిగ్గర్ మీదికి పోనిచ్చారు.

"ఆగండి" అన్నాడు ఆఫీసరు. గట్టిగా కాదు. "మళ్లీ ఒకసారి చూపించండి." ఆయన స్లైడ్ గుంజారు. ఇంకో తూటా బయటపడింది. రెండూ కంకరలో పక్కపక్కన ఉన్నాయి. పేలలేదు కాబట్టి రూలు ప్రకారం తప్పు కాదు. ఆఫీసరు భుజం తట్టి, పొగ వల్ల అందరం అలసిపోయామని, నీళ్లు తాగమని చెప్పాడు. ఎవరో నవ్వారు. ఆయన కూడా నవ్వారు. నేను మాత్రం ఆ రెండు తూటాల్నే చూస్తూ ఉన్నాను. తర్వాత నేను కాల్చాను, ఎలా కాల్చానో అడక్కండి.

భోజనం విరామంలో ఆయన్ను కారు దగ్గరికి తీసుకెళ్లాను. తలుపులు వేశాను. ఎలా చెప్పాలో ఆలోచించుకోలేదు. ఆలోచించుకుంటే చెప్పలేనని తెలుసు.

"అంకుల్, వరస తప్పింది. ముందు స్లైడ్ గుంజిన్రు."

"ఆఁ, చూశాడుగా ఆఫీసరు. సరిచేసుకున్నాగా."

"మీరు సరిచేసుకోలే. ఆయన ఆపిండు. ఆపకపోతే పేలేది."

"పేల్లేదుగా."

"నాకు చెప్పమన్నరు కదంకుల్. అందుకే చెప్తున్న. ఇంక చాలు, బెల్టు తీసేయండి. ఇంటికి పోదాం. నేను కూడా వచ్చేస్త."

ఆయన నా వైపు తిరిగి చూశారు. ఆ చూపులో నాటకం లేదు. అదే నన్ను భయపెట్టింది.

"నేనెప్పుడన్నానమ్మా నీతో?"

"ఫిబ్రవరిల. పార్కింగ్‌ల. నా కార్లనే. గడియారం బొమ్మ గీసిన్నని చెప్పి..."

"ఏం బొమ్మ?" అన్నారు. గొంతు మారింది. "ఎవరు చెప్పారు నీకివన్నీ? ఆంటీ ఏమైనా అందా?"

ఆంటీకి తెలీదని చెప్పాను. సర్జన్ సంగతి గుర్తుచేశాను. సర్జన్ ఆయనకు గుర్తున్నాడు, బాగా గుర్తున్నాడు, పేషెంటు ఏ ఊరి మనిషో కూడా చెప్పారు. కానీ ఆ కథ నాకు చెప్పినట్టు గుర్తులేదు. నేను ఎక్కడో విని తన మీదికి తిప్పుతున్నాననుకున్నారు. ఇంతకాలం నేర్పితే ఇదా నువ్వు చేసేది, మొదటి స్టేజ్‌లో అట్ట వదిలేసిందాని మాట నేను వినాలా అన్నారు. ఆయన నోట అలాంటి మాట నేనెప్పుడూ వినలేదు. తలుపు తీసుకుని వెళ్లిపోయారు. వెళ్తూ కూడా తలుపు గట్టిగా వేయలేదు, ఎప్పటిలా మెల్లగా నొక్కి వేశారు.

కార్లో ఒక్కదాన్నే కూర్చున్నాను. ఏడుపు వచ్చింది, దానికంటే ముందు కోపం వచ్చింది. ఎదురు మాట్లాడనని ఆయనే అన్నారు. నాకే చెప్పు అన్నారు. చెప్పాను. ఇప్పుడేం చెయ్యాలో మాత్రం ఆ రోజు మేం మాట్లాడుకోలేదు. తనకు చెప్తే వినే మనిషి తనలో ఉంటాడనే నమ్మకంతోనే ఆ మాట అడిగారు. ఆ మనిషే ఇప్పుడు అక్కడ లేడు.

ఇంకో అరగంటలో తర్వాతి స్టేజ్. అందులో ఆఫీసరు ఇంకొకరు. అతను చూస్తాడో చూడడో. వెనక గీత దగ్గర పద్నాలుగు మందిమి ఉంటాం. నేను లేచి మ్యాచ్ డైరెక్టర్ ఉన్న టెంట్‌కి వెళ్లాను. ఆమె తెల్లటి జుట్టు జడ వేసుకున్న మనిషి, గొంతు బొంగురు. ఏం చూశావంది. చెప్పాను. "ఆఫీసరు పట్టుకున్నాడు, పేలలేదు. అలాంటివి ప్రతి మ్యాచ్‌లోనూ ఒకటి చూస్తాం. ఇంకేమైనా ఉందా?" అంది. ఉంది. అది చెప్తే తప్ప ఆమె కదలదని అర్థమైంది. ఆంటీకి కూడా తెలియని మాటను, ముక్కూ ముఖం తెలియని మనిషి ముందు, ఇంగ్లీషులో చెప్పాను. జ్ఞాపకం పోతోందని ఆయనే నాతో అన్నారని, అన్న సంగతి కూడా ఇప్పుడు గుర్తులేదని. ఆమె టోపీ తీసి బల్ల మీద పెట్టింది. ఇలాంటి మాట చెప్పడం తేలిక కాదని తెలుసు అంది. నాకు ఆ ఓదార్పు అక్కర్లేకపోయింది.

ఆమె ఆయన్ను ఎవరూ లేని ఒక బే లోకి, మట్టిగట్ల మధ్య కాల్చే చోటుకి, పిలిచింది. నన్ను కూడా రమ్మంది. మట్టిగట్టు ముందు నిలబెట్టి, కాల్చాల్సిన పని లేదని, లోడ్ చేసి ఖాళీ చేసి చూపిస్తే చాలని మర్యాదగా అడిగింది. ఆయనకు అర్థమైంది. నా వైపు చూడలేదు. "తప్పకుండా" అన్నారు ఆస్పత్రి ఇంగ్లీషులో.

మొదటిసారి వరస సరిగ్గా వచ్చింది. మ్యాగజైన్, స్లైడ్, తూటా, టిక్. అంత శుభ్రంగా చేయడం నాకు కూడా రాదు. నా గుండె తేలికపడింది, అదే క్షణంలో కుంగింది కూడా. నాది తప్పయితే బాగుండునని ఒక పక్క, నాది తప్పయితే ఈయన ముఖం ఇక ఎలా చూస్తానని ఇంకో పక్క. మళ్లీ చేయమంది. మళ్లీ సరిగ్గానే చేశారు. "ఇంకొక్కసారి, ఈసారి మాట్లాడుతూ చేద్దాం" అని, ఎడ్మంటన్‌లో మంచు ఎప్పుడు మొదలవుతుందని అడిగింది. ఆయన అక్టోబరు అని, ఒక్కోసారి ముందే అని చెబుతూ స్లైడ్ గుంజారు. తూటా కింద పడింది. మాట ఆపకుండా మ్యాగజైన్ తీశారు. పిస్టల్ గట్టు వైపు పెట్టారు. వేలు లోపలికి వెళ్లింది.

ఆపమనేలోపే పేలింది. గట్టు మీద చారెడు మట్టి లేచింది, అంతే. ఎవరికీ ఏమీ కాలేదు. ఆయన పిస్టల్‌ను గట్టు వైపే ఉంచి, దాని వంక చూస్తూ నిలబడిపోయారు. ఆమె చాలా మెల్లగా స్లైడ్ తెరవమంది. తెరిచారు. లోపల చూసింది. పెట్టెలో పెట్టమంది. పెట్టి, తాళం వేసి, తాళంచెవి నాకిచ్చారు. అప్పుడు కూడా నా ముఖం చూడలేదు. బెల్టు విప్పి చుట్ట చుట్టుకున్నారు. చొక్కా మళ్లీ టక్ చేసుకున్నారు.

ఇంటికి వెళ్లిపోదామన్నాను. "నీ మ్యాచ్ నువ్వు పూర్తిచెయ్యి" అన్నారు. మోటెల్‌లో పెరుగన్నం ఎవరి గదిలో వాళ్లం తిన్నాం. ఆంటీ ఫోన్ చేస్తే బాగానే జరుగుతోందని చెప్పారట. మర్నాడు పొద్దున నేను తలుపు తీసేసరికి ఆయన టోపీ పెట్టుకుని కారు దగ్గర నిలబడి ఉన్నారు.

ఈ ఆటలో ఒకరు కాల్చి, లెక్క రాసుకున్నాక, మిగతావాళ్లు వెళ్లి అట్టల చిల్లుల మీద చిన్న గోధుమరంగు కాగితం ముక్కలు అతికిస్తారు. తర్వాతి మనిషికి అట్ట కొత్తదిలా ఉండాలి. ఎవరికీ పెద్దగా ఇష్టంలేని పని అది. మిగిలిన రెండు రోజులూ ఆయన ఆ పని చేశారు. కాగితం చుట్ట వేలికి తగిలించుకుని, ఎవరు కాల్చినా ముందు నడిచి వెళ్లారు. కుర్రాళ్లు మొదట ఇబ్బందిపడ్డారు, తర్వాత అలవాటుపడ్డారు. పొగలో ఆ ఇస్త్రీ చొక్కా ఒక అట్ట నుంచి ఇంకో అట్టకు వెళ్తూ ఉండేది. నేను కాల్చినప్పుడు నా అట్టల దగ్గర ఎక్కువసేపు ఆగేవారు. "ఎడమకు పోతోంది. ట్రిగ్గర్ గుంజుతున్నావు, నొక్కట్లేదు" అనేవారు. పాఠం చెప్పేటప్పుడు ఆయనకు నా మీద కోపం గుర్తుండేది కాదో, ఉన్నా పక్కన పెట్టేవారో నాకు తెలియదు. ఆయన చెప్పినట్టే చేశాను. చివరి స్టేజ్ బాగా వచ్చింది. మొత్తం మీద నేను కింది నుంచి లెక్కపెడితే త్వరగా దొరికే చోట ఉన్నాను. జాతీయ మ్యాచ్ ఆడాలని మూడేళ్లు కలగన్నదాన్ని, ఫలితాల కాగితం గోడకు అంటిస్తే దగ్గరికెళ్లి చూడబుద్ధి కాలేదు. ఆయనే వెళ్లి చూసొచ్చి చెప్పారు.

తిరుగు ప్రయాణంలో ఒక గ్యాస్ స్టేషన్‌లో ఆయన కాఫీలు తెచ్చారు. నా దాంట్లో చక్కెర వేయకుండా తెచ్చారు, నేను తాగే పద్ధతి అదే. కారెక్కాక, "సోమవారం పోలీసులకు ఫోన్ చేస్తా. వచ్చి పిస్టల్ తీసుకుపోతారు. ఆంటీకి కూడా నేనే చెప్తా. మర్చిపోతే నువ్వు గుర్తుచెయ్యి" అన్నారు.

"సరే అంకుల్."

"నువ్వు చూసింది నిజమేనమ్మా. నా చేత్తోనే పేలింది. అది మళ్లీ ఎవరూ చెప్పక్కర్లేదు."

నేను తల ఊపాను. కాలిన అడవి మళ్లీ మొదలైంది. ఆయన కప్పు మూత తీసి, మళ్లీ పెట్టి, కిటికీలోంచి చూస్తూ మాట్లాడారు.

"నీతో ఎప్పట్నుంచో ఒక మాట అడుగుదామనుకున్నా. ప్రాక్టీసయ్యి నీ కార్లో కూర్చున్నప్పుడల్లా నోటిదాకా వచ్చేది."

"ఏం మాట?"

"నా చేతులు చూస్తుండమని. ఎప్పుడైనా వరస తప్పితే నాకే చెప్పమని. మాకో సర్జన్ ఉండేవాడులే, ఆయన గురించి కూడా చెబుదామనుకున్నా. అడగలేకపోయా. చిన్నపిల్లవి, నీ నెత్తిన ఆ బరువెందుకులే అనిపించేది. ఇవాళ కాదు రేపు అనుకుంటూ గడిపేశా." కాఫీ ఒక గుక్క తాగారు. "అడిగి ఉంటే నీకీ కష్టం ఉండేది కాదు. ఆ టెంట్లోకి వెళ్లి చెప్పుకోవాల్సిన ఖర్మ పట్టేది కాదు. నువ్వు ఒక్క మాట అంటే అక్కడికక్కడ విప్పేసేవాణ్ణి."

అడిగారంకుల్ అని నాలుక చివరిదాకా వచ్చింది. ఒకసారి చెప్పి చూశాను కదా. అడిగిన మనిషి మీరే, నేను మాట నిలబెట్టుకున్నాను, మీరు నిలబెట్టుకోలేదు అని అరవాలనిపించింది. ఆ కోపం ఆయన మీద కాదని నాకు తెలుసు, కానీ ఇంకెవరి మీదో కూడా తెలియలేదు. ముందు ఒక ట్రక్కు నెమ్మదిగా పోతూ ఉంది. దాని వెనకే కాసేపు నడిపాను.

"అడిగి ఉండాల్సిందంకుల్" అన్నాను.

"ఒప్పుకునేదానివా?"

"ఒప్పుకునేదాన్ని."

"నాకు తెలుసు. నీకు నోరుంది" అన్నారు. తృప్తిగా సీటు వెనక్కి వాల్చుకుని కళ్లు మూసుకున్నారు.